తాగేసిన రికార్డు

చిలకలమెట్ట కొత్త కాలనీలో అరవై నాలుగు ఇళ్ళున్నాయి. ఇంటికొకటి చొప్పున అరవై నాలుగు కుళాయిలున్నాయి. కుళాయిలకు నీళ్ళు పంపడానికి నీలం రంగు వేసిన పెద్ద ట్యాంకుంది. ట్యాంకు మీద పథకం పేరుంది, ప్రారంభించిన తేదీ ఉంది, ఆ కింద నవ్వుతున్న నీటిచుక్క బొమ్మ కూడా ఉంది. నీళ్ళొక్కటే లేవు. ఇన్ని ఉన్నచోట ఆ ఒక్కటీ లేదని గోల చేయడం జనానికి తృప్తి లేకపోవడమే తప్ప మరొకటి కాదని నీటి సరఫరా శాఖవారి నిశ్చితాభిప్రాయం.

కాలువ నుంచి మంచినీళ్ళు ఎక్కించే మోటారు పథకం మొదలైన ఎనిమిదో నెలలో కాలిపోయింది. మూడేళ్ళయింది. దాన్ని బాగుచేయించాలంటే ‘నిర్వహణ’ అనే పద్దులోంచి డబ్బు రావాలి. ఆ పద్దు ఎప్పుడూ ఖాళీయే. కట్టడానికి పద్దు ఉంటుంది, రంగు వేయడానికి ఉంటుంది, రిబ్బను కత్తిరించడానికి ఉంటుంది. నడపడానికి మాత్రం ఉండదు. పెళ్ళికి చదివించే వాళ్ళుంటారు గాని, కాపురానికి నెలనెలా చదివించే వాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

ఈ కుళాయిలన్నిటికీ మాలకొండయ్య వాటర్‌మేను. ఈ పథకం రాకముందు నుంచీ, పదిహేడేళ్ళుగా శాఖలో కాంట్రాక్టు మీదే ఉన్నాడు. పొద్దున ఆరింటికి పోయి ట్యాంకు కింది వాల్వు తిప్పుతాడు, ఏడింటికి పోయి కట్టేస్తాడు. వాల్వులోంచి ఒక్కోసారి గాలి వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. అయినా డ్యూటీ డ్యూటీయే కదా. తిప్పకపోతే వాల్వు తుప్పు పడుతుంది, ఊరుకుంటే ఉద్యోగమూ తుప్పు పడుతుందని అతని భయం.

కాలనీలో మూడో ఇల్లు అతని అక్క చెంచమ్మది. చిన్నప్పుడు తల్లి పోతే ఆవిడే అతన్ని చంకనేసుకుని పెంచింది. ఆ చంకనేసుకున్న మనిషి ఇప్పుడు నిటారుగా నిలబడలేదు. కాలనీలో ఉన్న ఒక్క బోరింగులోనూ ఫ్లోరైడు నీళ్ళు. పేరుకే అది కొత్త కాలనీ, ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళు తాగి ఆవిడ నడుము వంగిపోయింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కాళ్ళున్న వాళ్ళు మైలున్నర నడిచి బోడిరెడ్డి చేలో మంచినీళ్ళు తెచ్చుకుంటారు. చెంచమ్మకు ఆ నడక లేదు. తమ్ముడు వీలున్నప్పుడు మోపెడ్ మీద ఒక క్యాను తెచ్చిపోస్తాడు. వీలు లేనప్పుడు ఆవిడ మళ్ళీ ఆ బోరింగు నీళ్ళే తాగుతుంది. అక్క తన గుమ్మం ముందు, తన కుళాయి కింద, తన బిందెలో మంచినీళ్ళు పట్టుకుంటుంటే చూడాలి. మాలకొండయ్యకు బతుకులో ఉన్న కోరిక అదొక్కటే. వాటర్‌మేను అయ్యుండి సొంత అక్కకు బిందెడు నీళ్ళు ఇవ్వలేకపోతున్నందుకు అక్క గుమ్మం ముందు నుంచి తల దించుకుని పోయేవాడు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట రాష్ట్రంలోని ప్రతి కుళాయి కిందా నిండు బిందె పెట్టి, రోజూ పొద్దున పదిగంటల్లోగా ఫోటో తీసి, ‘నీటిసాక్షి’ అనే యాప్‌లోకి పంపాలి. ఫోటో రాని కుళాయిలో నీళ్ళు రానట్టు లెక్క. ఫోటో వచ్చిన కుళాయిలో నీళ్ళు వచ్చినట్టు లెక్క. ఉత్తర్వు అంతటితో ఆగింది. మనుషులు తాగారా లేదా అన్న ప్రస్తావన అందులో లేదు.

ఆ కాగితం పట్టుకుని మండలం ఏ.ఈ. కోదండపాణి జీపు దిగాడు. ఏ.ఈ. అంటే అసిస్టెంటు ఇంజినీరు. ఈయనకు ఇంజినీరింగు కంటే భాష మీద మక్కువ ఎక్కువ.

“మాలకొండయ్యా, రేపటి నుంచి ప్రతి కుళాయికీ దృశ్య ధ్రువీకరణ జరగాలి. నూటికి నూరు శాతం.”

“బిందె నిండాలంటే నీళ్ళు గావాల గద సార్.”

“నీళ్ళు సరఫరా విభాగం చూసుకుంటుంది. నేను మాట్లాడుతున్నది ధ్రువీకరణ విషయం. రెండు విషయాలనూ కలగాపులగం చేయకు.”

“సరఫరా విభాగం అంటే ఎవురు సార్?”

“అది కూడా నేనే. కానీ ఆ హోదాలో ఇవాళ రాలేదు.”

మాలకొండయ్య బుర్ర గోక్కున్నాడు. మర్నాడు తెల్లవారకముందే బోడిరెడ్డి చేలో ఒక బిందె నింపుకుని మోపెడ్ మీద పెట్టుకుని వచ్చాడు. మొదటి ఇంటి కుళాయి కింద పెట్టి ఫోటో తీశాడు. ఎత్తుకుపోయి రెండో ఇంటి దగ్గర పెట్టాడు. అలా ఒకే బిందె అరవై నాలుగు గుమ్మాలకూ పేరంటానికి పోయినట్టు పోయివచ్చింది. దారిలో తొణికి తొణికి నలభయ్యో ఇంటికి వచ్చేసరికి మెడ దాకా దిగిపోతే, తను తాగే సీసాలో నీళ్ళు కూడా పోసి నింపాడు. ఆఖరి ఇంటికి వచ్చేసరికి అతని నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ళు పక్కనే ఉన్నాయి గాని, అవి ధ్రువీకరణలో ఉన్నాయి.

పది రోజులు బాగానే గడిచింది. పదకొండో రోజున రాజధానిలో కంప్యూటరు ఒక అనుమానం వెలిబుచ్చింది. చిలకలమెట్టలో అరవై నాలుగు ఇళ్ళ బిందెలకూ నడుము దగ్గర ఒకే సొట్ట ఉన్నదనీ, దీనికి సంజాయిషీ ఇవ్వాలనీ మెమో వచ్చింది. కోదండపాణి ఏమాత్రం తడుముకోలేదు. ‘సదరు కాలనీవాసులు సామాజిక సమానత్వ భావనతో ఏకరూప బిందెలను స్వచ్ఛందంగా స్వీకరించియున్నారు’ అని జవాబు రాశాడు. పైవాళ్ళు ముచ్చటపడి, ఇతర గ్రామాలు దీన్ని ఆదర్శంగా తీసుకోవాలని సర్క్యులర్ వేశారు. ఆ వారం మండల కేంద్రంలో బిందెలన్నీ అమ్ముడైపోయాయి. కొన్నవాళ్ళు సొట్ట వేయించుకోవడానికి మళ్ళీ వరసలో నిలబడ్డారు.

కానీ కంప్యూటరు ఊరుకోలేదు. ఇకమీదట అన్ని బిందెలూ ఒకే సమయంలో, పదింటికి, కుళాయిల కింద నిండుగా కనిపించాలంది. ఒక్క బిందెతో అయ్యే పని కాదిది. మాలకొండయ్య ఆ మాటే చెబితే ఏ.ఈ. చిరునవ్వు నవ్వాడు.

“దీనికి పద్దు ఉందయ్యా. ‘సాక్ష్య సేకరణ’ పద్దు. నిండా నిధులు. ట్యాంకరు పెట్టిస్తున్నాను.”

మాలకొండయ్యకు ఆ మాట వింటూనే కళ్ళు చెమర్చాయి. పరుగున అక్క ఇంటికి పోయి, “అక్కా, రేపట్నుంచి ట్యాంకరొస్తాది. నీ బిందె తోమి పెట్టుకో” అన్నాడు.

చెంచమ్మ ఆ సాయంత్రం చింతపండు పెట్టి బిందె తళతళలాడేలా తోమింది. కాలనీ అంతా తోముకుంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ట్యాంకరు వచ్చింది. పట్నం నుంచి వచ్చిన మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. అరవై నాలుగు బిందెలూ నిండాయి. సరిగ్గా పదింటికి మాలకొండయ్య ఇంటింటికీ పరిగెత్తి ఫోటోలు తీశాడు. ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకోబోతుండగా జీపులోంచి కోదండపాణి చెయ్యెత్తాడు.

“ఆగండి. వెనక్కి పొయ్యాలి.”

“ఎవురు సార్?” అంది మస్తానమ్మ. ఆవిడది నాలుగో ఇల్లు, నోరు మాత్రం నాలుగిళ్ళ పెట్టు.

“నీళ్ళు. తిరిగి ట్యాంకర్లో పొయ్యాలి. ఇవి సాక్ష్య సామగ్రి. మీరు తాగారంటే అది సరఫరా అవుతుంది. సరఫరాకి పద్దు వేరు, అందులో నిధుల్లేవు. సాక్ష్యం పద్దులో కొన్న నీళ్ళు తాగితే ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది.”

“మా బిందెలో పోసినారు గదా.”

“పోసింది మీ కోసం కాదమ్మా, ఫోటో కోసం.”

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదంట” అని మస్తానమ్మ గొణిగింది. కానీ జీపులో పోలీసు ఒకడు కూడా ఉన్నాడు. అందరూ వరసగా పోయి నీళ్ళు ట్యాంకర్లో తిరగపోశారు. అక్కణ్ణుంచి ట్యాంకరు పక్క ఊరి ఫోటోలకు పోయింది, దాని తర్వాత ఆ పక్క ఊరికి. ఆ నెల మండలంలో పదకొండు ఊళ్ళు ఒకే ట్యాంకరు నీళ్ళతో నూటికి నూరు శాతం సరఫరా సాధించాయి. తొణికిపోయిన దాన్ని ‘సహజ తరుగు’ అనే గడిలో రాశారు. కోదండపాణికి జిల్లాలో శాలువా కప్పారు.

రోజూ ఇదే తంతు. పోయడం, ఫోటో, తిరగపోయడం. చెంచమ్మ వంగిన నడుముతో బిందె ఎత్తలేదు గనుక ఆవిడది తమ్ముడే తీసుకుపోయి పోసేవాడు. అక్క గుమ్మంలోంచి నీళ్ళు మోసుకుపోతుంటే అతనికి దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. ఖాళీ బిందె తిరిగొచ్చాక ఆవిడ అడుగున మిగిలిన తడిని అరచేత్తో తుడిచి కళ్ళకద్దుకునేది. అది చూడలేక అతను తల తిప్పుకునేవాడు.

మే నెల వచ్చింది. ఒక మంగళవారం ఎండ మాడ్చేస్తోంది. మాలకొండయ్య రెండు రోజులుగా జ్వరంతోనే ఫోటోలు తీస్తున్నాడు గాని, అక్కకు క్యాను తేలేకపోయాడు. చెంచమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఎదురుగా బిందె నిండుగా ఉంది. అతను ఫోను ఎత్తి, కుళాయి, బిందె రెండూ పడేట్టు చూసుకుని మీట నొక్కుతుండగా ఆవిడ గ్లాసు ముంచి ఎత్తింది. గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు ముంచింది. అది కూడా తాగి, “అమ్మయ్య” అని కొంగుతో మూతి తుడుచుకుంది.

ఫోటో వెళ్ళిపోయింది. అందులో కుళాయి పడింది, బిందె పడింది, గ్లాసెత్తిన చెంచమ్మ కూడా పడింది.

గంటన్నరలో జీపు వచ్చింది. కోదండపాణి మొహం పాలిపోయి ఉంది.

“ఏం తాగావమ్మా?” అని అడిగాడు.

“నీళ్ళే నాయనా.”

“అవి నీళ్ళు కావు. ప్రభుత్వ రికార్డు. ఫోటో పూర్తయ్యేదాకా అది రికార్డు. నువ్వు రికార్డు తాగేశావు.”

“ఏమో నాయనా, తియ్యంగానే ఉండాది” అంది చెంచమ్మ. “మూడేళ్ళనాడు కుళాయిలో వచ్చినాయి జూడు, అచ్చం అట్నే ఉండాయి.”

కోదండపాణి మాలకొండయ్యను పక్కకు పిలిచాడు. విషయం చిన్నది కాదన్నాడు. ప్రభుత్వ రికార్డును ధ్వంసం చేసిన ఇంటికి కుళాయి పీకేసి, ఆ ఇంటిని జాబితాలోంచి శాశ్వతంగా తొలగిస్తారు. రేపు మోటారు బాగైనా, ఎల్లుండి కొత్త పథకం వచ్చినా ఆ ఇంటికి చుక్క రాదు. శుక్రవారం విచారణ. ప్రత్యక్ష సాక్షిగా మాలకొండయ్య సంతకం పెట్టాలి. పెట్టకపోతే నేరానికి సహకరించినట్టే, ఉద్యోగం పోతుంది.

“పెట్టావనుకో, నీ పర్మినెంటు ఫైలు నా టేబుల్ మీదే ఉంది” అని కోదండపాణి గొంతు తగ్గించి చెప్పాడు.

ఆ మూడు రోజులూ మాలకొండయ్యకు ముద్ద దిగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నూతిలో నీళ్ళున్నా బాగుండేది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. సంతకం పెడితే అక్క కుళాయి పోతుంది. రాని నీళ్ళ కుళాయే కావచ్చు, కానీ ఎప్పటికైనా వస్తాయన్న ఆశ ఆ కుళాయికే కట్టి ఉంది. దాన్ని తన చేత్తో పీకించాలి. గురువారం అక్క దగ్గరకు పోయి కూర్చుని ఆ మాట చెప్పాడు.

చెంచమ్మ విని, “పెట్టెయ్ రా కొండా. నాకెన్నాళ్ళు లే. నీకు బిడ్డలుండారు” అంది.

ఆవిడ తిట్టినా బాగుండుననిపించింది అతనికి. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శుక్రవారం పొద్దున్నే ట్యాంకు కింద కుర్చీలు వేశారు. మూడేళ్ళలో ఆ ట్యాంకు జనానికి ఇచ్చింది నీడ ఒక్కటే, ఆ రోజు అది శాఖవారికే పనికొచ్చింది. విచారణాధికారి అనంతశయనం గారు జిల్లా నుంచి వచ్చారు. ముప్ఫై ఏళ్ళుగా రికార్డుల విభాగంలో ఉన్న మనిషి. చెదపురుగులు తిన్న ఫైళ్ళు, కోతులు ఎత్తుకుపోయిన ఫైళ్ళు, వరదలో కొట్టుకుపోయిన ఫైళ్ళు ఎన్నో విచారించారు. తాగిన ఫైలు ఇదే మొదలు. అందుకే ఉత్సాహంగా ఉన్నారు. టేబుల్ మీద మంచినీళ్ళ సీసా ఒకటి పెట్టుకున్నారు, సీలు తీయనిది.

ఆ రోజు కూడా ట్యాంకరు వచ్చి, బిందెలు నింపి, ఫోటోలయ్యాక తిరగపోసుకోవడానికి పక్కనే ఆగి ఉంది. అరవై నాలుగు కుళాయిల కిందా అరవై నాలుగు బిందెలు నిండుగా ఉన్నాయి. జనమంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“సదరు రికార్డును ఎన్ని విడతలుగా సేవించారు?”

“రెండు గలాసులు సామీ.”

“ధ్వంసమైన రికార్డులో ఏ భాగమైనా ప్రస్తుతం మీ అధీనంలో ఉన్నదా?”

చెంచమ్మకు అర్థం కాలేదు. మస్తానమ్మ విడమరిచి చెప్పింది. “ఆ నీళ్ళు ఇంకా నీలో ఉండాయా అని అడుగుతుండారు పెద్దమ్మా.”

“ఇంకేడ సామీ. మంగళవారం తాగితి, ఇయ్యాల శుక్రవారం.”

‘రికార్డు లభ్యం కాదు’ అని అనంతశయనం రాసుకున్నారు. సీసా సీలు తీసి రెండు గుక్కలు తాగారు. తర్వాత లావుపాటి నియమావళి తెరిచి, కళ్ళజోడు సవరించుకుని చదివారు. “నశించిన రికార్డును ఇరవై నాలుగు గంటలలోగా అదే స్థలమున, అదే పరిమాణమున పునరుద్ధరించవలెను. నేరాంగీకార పత్రము జతపరచవలెను. ఇందుకగు వ్యయమును అత్యవసర పద్దు నుండి భరించవలెను. అట్లు పునరుద్ధరించిన రికార్డును ఎట్టి పరిస్థితులలోను ఆ స్థలము నుండి కదల్చరాదు.”

అప్పటిదాకా తల వంచుకుని నిలబడ్డ మాలకొండయ్య తలెత్తాడు.

“సార్, ఒక డౌటు. అంటే మా అక్క తాగిన నీళ్ళు మళ్ళా పోస్తారా?”

“పోయడం అనకూడదు. పునరుద్ధరిస్తాం.”

“అవి ట్యాంకర్లో తిరగపోసేది ఉండదా?”

“కదల్చరాదని చదివాను కదా.”

“వాటిని గూడా తాగితే?”

“అప్పుడు అది మరొక నేరం. మరొక పత్రం, మరొక పునరుద్ధరణ. నిబంధన నిబంధనే.” అనంతశయనం గారికి ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. ముప్ఫై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఏముందని అడిగిన మనిషి లేడు.

కోదండపాణికి మాత్రం ఈ సంభాషణ ఎటు పోతుందో కొంచెం అనుమానం తగిలింది. గబగబా సాక్షి పత్రం ముందుకు తోసి, కలం మాలకొండయ్య చేతిలో పెట్టాడు. “ముందు సంతకం కానీ.”

మాలకొండయ్య పత్రం చదివాడు. ‘ముద్దాయి చెంచమ్మ, మూడవ ఇల్లు’ అని ఉంది. అక్క వంక చూశాడు. ఆవిడ కర్ర మీద ఆనుకుని, పెట్టెయ్ అన్నట్టు తలాడించింది. కలం టేబుల్ మీద పెట్టేశాడు.

“సార్, ఇందులో ఒక్క పేరే రాసినారు. తక్కిన పేర్లు లేవు.”

“ఏ తక్కిన పేర్లు?” అన్నాడు కోదండపాణి.

మాలకొండయ్య జనం వైపు తిరిగాడు. “మస్తానమ్మా, పెద్ద సారు అంత దూరం నుంచి వచ్చినారు. నిజం దాచబాకండి.”

మస్తానమ్మ ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసింది. ఆవిడకు రెండోసారి చెప్పించుకునే అలవాటు లేదు. తన కుళాయి దగ్గరకు పోయి, బిందె ఎత్తి ట్యాంకు కిందికి తెచ్చి, అందరి ముందూ చెంబు ముంచి కడుపునిండా తాగింది. “నేను గూడా తాగినా సామీ. రాసుకోండి” అంది.

ఇంకేముంది. నిమిషంలో బిందెలన్నీ కదిలాయి. చెంబులతో తాగినవాళ్ళు, దోసిళ్ళతో తాగినవాళ్ళు, బిందె వంచి తాగినవాళ్ళు. కొందరు పిల్లలకు తాగించారు, ఒకాయన గేదెకు కూడా పెట్టి, “నా గేదె పేరు గూడా రాయండి, దాని పేరు గంగ” అన్నాడు. పావుగంటలో చిలకలమెట్ట కొత్త కాలనీ ప్రభుత్వ రికార్డు యావత్తూ ధ్వంసమైపోయింది. మాలకొండయ్య అక్కకు గ్లాసు ముంచి ఇచ్చి, ఆవిడ తాగాక తనూ ఒకటి తాగాడు. పదిహేడేళ్ళ ఉద్యోగంలో నీళ్ళ దగ్గర అంత ధైర్యంగా ఎప్పుడూ నిలబడలేదు.

“అందరి కుళాయిలూ పీకేయిస్తాను. అరవై నాలుగూ జాబితాలోంచి తీసేస్తాను” అన్నాడు కోదండపాణి.

“తీసేయండి సార్” అన్నాడు మాలకొండయ్య వినయంగా. “మరి నూటికి నూరు శాతం ఎట్టా సార్?”

కోదండపాణి వేళ్ళు మడిచి లెక్క వేశాడు. అరవై నాలుగుకు అరవై నాలుగు కుళాయిలుంటే నూటికి నూరు. ఒక ఇల్లు తీసేస్తే అరవై మూడుకు అరవై మూడు, అప్పుడూ నూటికి నూరే. కానీ అరవై నాలుగూ తీసేస్తే సున్నాకి సున్నా. దానికి ఎంత శాతమో ఆయన ఫోనులో నొక్కి చూశాడు. ఫోను తప్పు అని చూపించింది. చిలకలమెట్ట లేకపోతే మండలం శాతం పోతుంది, మండలం పోతే జిల్లా శాతం పోతుంది, శాలువా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జిల్లాలోంచి వచ్చిన అనంతశయనం గారు కూడా ఆ లెక్క మనసులోనే వేసుకుని దగ్గారు.

“కుళాయిల తొలగింపు అంశాన్ని తదుపరి పరిశీలనకు వాయిదా వేయడమైనది. రికార్డుల పునరుద్ధరణ మాత్రం రేపటి నుంచే” అని ఆయన ఫైలు మూశారు.

మర్నాడు ట్యాంకరు వచ్చి బిందెలు నింపి, ఫోటో అయ్యాక ఒక్క చుక్క కూడా వెనక్కి తీసుకోకుండా వెళ్ళిపోయింది. కాలనీవాళ్ళు వాటిని మధ్యాహ్నంలోగా ధ్వంసం చేసేశారు. ఆ మర్నాడు మళ్ళీ పునరుద్ధరించారు. మళ్ళీ ధ్వంసమైంది. శాఖవారు ఊరి మొదట్లో ‘నిరంతర రికార్డు ధ్వంస ప్రాంతం, జాగ్రత్త’ అని బోర్డు పాతారు. మాలకొండయ్య మీద కూడా కేసు పెట్టారు గాని, విచారణలో ఉన్న ఉద్యోగిని అది తేలేదాకా తొలగించరాదని నియమావళిలోనే ఉంది. రోజుకొక కొత్త నేరం కలుస్తుంటే విచారణ తేలేదెప్పుడు? చూడగా చూడగా ఈ రాష్ట్రంలో అతనంత పర్మినెంటు ఉద్యోగి మరొకడు లేడు. పక్క ఊళ్ళ వాటర్‌మేన్లు చాటుగా వచ్చి ఈ నేరం ఎలా చేయాలో కనుక్కుని పోతున్నారు. “ఏముండాది, ముందుగాల ఎవురో ఒకరు తాగాల” అని చెప్పి పంపిస్తాడు.

ఇప్పుడు మాలకొండయ్య పొద్దున ఆరింటికి వాల్వు తిప్పడం లేదు. ఇంటింటికీ తిరిగి నేరాంగీకార పత్రాలు పంచుతాడు. ‘నేను ఈ దినమున ప్రభుత్వ రికార్డును తాగి ధ్వంసము చేసితిని’ అని అచ్చయి ఉంటుంది, కింద వేలిముద్ర వేస్తే చాలు. పత్రానికి ఒక బిందె. చెంచమ్మ తమ్ముడి కోసం గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక గురువారం ఆవిడ వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

“ఒరే కొండా, రేపు రెండు కాయితాలు దీసకరా.”

“ఎందుకక్కా? రెండు బిందెలు తాగుతావా ఏంది?”

“శుక్రవారం గదరా. బోరింగు నీళ్ళకు నెత్తి జిడ్డు వదిలి చచ్చేది గాదు. మంచినీళ్ళు తలకి పోసుకొని ఎన్నేళ్ళయిందో.”

మాలకొండయ్య సంచిలోంచి రెండో పత్రం అప్పుడే తీశాడు. అందులో ‘తాగి’ అన్న మాట కొట్టేసి, పైన ‘తలంటుకొని’ అని గుండ్రంగా రాసి, అక్క బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దించాడు.